సర్వర్ అప్‌గ్రేడ్‌లో గ్రూప్ పాలసీ టెంప్లేట్లు: డొమైన్లు ఎక్కువున్నా గందరగోళం లేకుండా మార్చడం ఎలా?

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్, ల్యాప్‌టాప్‌ల గురించి మాట్లాడుకుంటాం కదా, ఈరోజు మాత్రం కొంచెం ఆఫీస్ సబ్జెక్ట్. మీ ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ పెడితే ఎందుకు ఓపెన్ అవ్వదు? బ్రౌజర్‌లో కొన్ని ఎక్స్‌టెన్షన్లు ఎందుకు ఇన్‌స్టాల్ అవ్వవు? చాలా ఆఫీసుల్లో దీని వెనక ఉండేది గ్రూప్ పాలసీ. దాన్ని మేనేజ్ చేసే వాళ్లకు, సిస్టమ్ అడ్మిన్ జాబ్‌లో కొత్తగా చేరిన వాళ్లకు, ఇంటర్వ్యూలకు ప్రిపేర్ అయ్యే వాళ్లకు ఈ ఆర్టికల్.

నిజం చెప్పాలంటే ఇది నేను తప్పు చేసి నేర్చుకున్న పాఠం. ముందు ఆ కథ చెప్తాను, తర్వాత కాన్సెప్ట్, ఆ తర్వాత స్టెప్స్ చూద్దాం.

ఆ శుక్రవారం రాత్రి ఏం జరిగింది?

నేను అప్పట్లో పనిచేసిన కంపెనీలో మూడు డొమైన్లు ఉండేవి. ఒకటి హెడ్ ఆఫీస్‌ది, ఒకటి ఫ్యాక్టరీది, ఇంకొకటి తర్వాత కలిసిన చిన్న ఆఫీస్‌ది. మూడూ ఒకే ఫారెస్ట్‌లోనే. డొమైన్ కంట్రోలర్లన్నీ విండోస్ సర్వర్ 2012 ఆర్2. దానికి మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ 2023 అక్టోబర్ 10తో అయిపోయింది కాబట్టి సర్వర్ 2022కి మారాల్సిందే.

శుక్రవారం రాత్రి హెడ్ ఆఫీస్ డొమైన్‌లో కొత్త సర్వర్‌ని డొమైన్ కంట్రోలర్‌గా చేశాం. అంతా సవ్యంగానే జరిగింది. "ఎలాగూ సర్వర్ కొత్తది, టెంప్లేట్లు కూడా కొత్తవి పెట్టేద్దాం" అని నాకు అనిపించింది. సెంట్రల్ స్టోర్‌లో ఉన్న పాత ఫోల్డర్‌ని డిలీట్ చేసేసి, కొత్త సర్వర్‌లోని ఫోల్డర్‌ని అక్కడ పేస్ట్ చేశాను. బ్యాకప్ తీయలేదు. క్లీన్‌గా ఉంటుంది కదా అనుకున్నా.

తర్వాత గ్రూప్ పాలసీ మేనేజ్‌మెంట్ కన్సోల్ ఓపెన్ చేసి చూస్తే గుండె జారిపోయింది. ఆఫీస్, క్రోమ్, ఎడ్జ్‌కి సంబంధించిన సెట్టింగ్స్ అన్నీ "ఎక్స్‌ట్రా రిజిస్ట్రీ సెట్టింగ్స్" అనే హెడ్డింగ్ కింద అర్థం కాని రిజిస్ట్రీ పేర్లతో కనిపిస్తున్నాయి. ఎడిటర్‌లోకి వెళ్తే ఆ సెట్టింగ్సే లేవు. పాలసీలు కరప్ట్ అయ్యాయని నేను ఫిక్స్ అయిపోయా. "సార్, ఈ జీపీవోలు డిలీట్ చేసి మళ్లీ కొత్తగా క్రియేట్ చేస్తాను" అని మా సీనియర్‌కి ఫోన్ చేశా.

ఆయన ఒక్కటే మాట అన్నారు: "దేన్నీ ముట్టుకోకు బాబూ. క్లయింట్లు ఆ ఫోల్డర్ చదవవు."

ఆయన ఆపకపోయుంటే? అందులో ఒక జీపీవో శాలరీ సెక్షన్ కంప్యూటర్లలో బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ సేవ్ చేయడాన్ని, బయటి ఎక్స్‌టెన్షన్లని ఆపేది. క్లయింట్ కంప్యూటర్లు మామూలుగా ప్రతి 90 నిమిషాలకు, దానికి 0 నుంచి 30 నిమిషాల వరకు ర్యాండమ్ గ్యాప్ కలిపి, పాలసీని రిఫ్రెష్ చేసుకుంటాయి. అంటే నేను డిలీట్ చేసిన రెండు గంటల్లోపే ఆన్‌లో ఉన్న కంప్యూటర్లన్నిటిలో ఆ కంట్రోల్స్ ఎగిరిపోయేవి. పోయింది మెనూ మాత్రమే, నేను తీసేయబోయింది అసలు వంట!

అసలు టెంప్లేట్ అంటే ఏంటి?

టిఫిన్ సెంటర్ ఉదాహరణ తీసుకుందాం. మెనూ కార్డ్ చూసి మీరు పెసరట్టు ఆర్డర్ ఇచ్చారు. సర్వర్ అబ్బాయి చీటీ రాసి వంటింట్లో ఇచ్చాడు. ఈలోపు మెనూ కార్డ్ ఎవరో పట్టుకెళ్లిపోయారు. మీ పెసరట్టు ఆగుతుందా? ఆగదు. వంట మాస్టర్ చూసేది చీటీనే, మెనూ కార్డ్ కాదు. కాకపోతే ఆ ఆర్డర్ మార్చాలంటే మాత్రం కార్డ్ లేక మీరు ఇబ్బంది పడతారు.

ఇక్కడ మెనూ కార్డ్ అంటే ఏడీఎంఎక్స్ ఫైల్. చీటీ అంటే రిజిస్ట్రీ డాట్ పోల్ అనే ఫైల్. ఇది ప్రతి జీపీవోకి సిస్‌వాల్‌లో ఉండే ఫోల్డర్‌లో ఉంటుంది. వంట మాస్టర్ అంటే క్లయింట్ కంప్యూటర్. అది రిజిస్ట్రీ డాట్ పోల్‌ని చదివి తన రిజిస్ట్రీలో విలువలు రాసుకుంటుంది. ఏడీఎంఎక్స్ వైపు కన్నెత్తి కూడా చూడదు. టెంప్లేట్ ఉపయోగపడేది ఎడిట్ చేసే అడ్మిన్‌కి, రిపోర్ట్ చూసే అడ్మిన్‌కి మాత్రమే.

ఇంకో రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, ప్రతి ఏడీఎంఎక్స్‌కి జతగా ఏడీఎంఎల్ అనే భాషా ఫైల్ ఉంటుంది. స్క్రీన్ మీద మనకు కనిపించే పేర్లు, వివరణలు ఇందులోనే ఉంటాయి. ఇంగ్లిష్ అయితే ఇవి ఈఎన్-యూఎస్ అనే సబ్‌ఫోల్డర్‌లో ఉంటాయి. ఈ రెండూ ఒకే వెర్షన్‌వి అయి ఉండాలి.

రెండోది, ఈ పద్ధతి విండోస్ విస్టా, సర్వర్ 2008 కాలంలో వచ్చింది. అంతకు ముందు ఏడీఎం అనే పాత ఫైళ్లు ఉండేవి. అవి ప్రతి జీపీవో ఫోల్డర్‌లోకీ కాపీ అయ్యేవి కాబట్టి సిస్‌వాల్ సైజ్ అనవసరంగా పెరిగేది. పాత డొమైన్లలో ఇప్పటికీ ఆ ఏడీఎం ఫోల్డర్లు కనిపిస్తుంటాయి, చూసి కంగారు పడకండి.

సెంట్రల్ స్టోర్: ఒక్కో డొమైన్‌కి ఒక్కోటి

ప్రతి విండోస్ కంప్యూటర్‌లో సి డ్రైవ్, విండోస్ ఫోల్డర్ కింద పాలసీడెఫినిషన్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. ఇది లోకల్ స్టోర్. అదే పేరుతో డొమైన్ సిస్‌వాల్‌లో, పాలసీస్ ఫోల్డర్ లోపల మనం ఒక ఫోల్డర్ క్రియేట్ చేస్తే అది సెంట్రల్ స్టోర్ అవుతుంది. ఇది దానంతట అది రాదు, అడ్మిన్ చేత్తో క్రియేట్ చేయాల్సిందే. పేరులో స్పేస్ ఉండకూడదు, ఒకే పదంగా ఉండాలి.

సెంట్రల్ స్టోర్ ఉందంటే ఎడిటర్ పూర్తిగా దాన్నే వాడుతుంది, లోకల్ ఫోల్డర్‌ని పట్టించుకోదు. రెండూ కలిపి చూపించడం అనేది ఉండదు. నేను దెబ్బతిన్నది ఇక్కడే. కొత్త సర్వర్ లోకల్ ఫోల్డర్‌లో విండోస్ టెంప్లేట్లు ఉంటాయి గానీ ఆఫీస్, క్రోమ్, కొత్త ఎడ్జ్ టెంప్లేట్లు ఉండవు. వాటిని ఎవరికి వారు విడిగా డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి. పాత ఫోల్డర్‌తో పాటు నేను వాటినీ తీసేశాను.

ఇక డొమైన్ల విషయం. సిస్‌వాల్ ఒక డొమైన్‌లోని డొమైన్ కంట్రోలర్ల మధ్యే రెప్లికేట్ అవుతుంది. డొమైన్ దాటి వెళ్లదు. కాబట్టి మొత్తం ఫారెస్ట్‌కి ఒకటే సెంట్రల్ స్టోర్ పెట్టే ఆప్షన్ లేదు. మూడు డొమైన్లు ఉంటే మూడు స్టోర్లు, మూడింటినీ విడివిడిగా అప్‌డేట్ చేయాలి. హెడ్ ఆఫీస్‌లో కొత్త టెంప్లేట్లు, ఫ్యాక్టరీలో ఐదేళ్ల కిందటివి ఉంటే, ఒకే అడ్మిన్‌కి ఒక డొమైన్‌లో కనిపించే సెట్టింగ్ ఇంకో డొమైన్‌లో కనిపించదు.

అయితే ఆ రాత్రి నన్ను కాపాడింది కూడా ఇదే. ఫ్యాక్టరీ డొమైన్ స్టోర్‌లో ఆఫీస్, క్రోమ్, ఎడ్జ్ టెంప్లేట్లు ఉన్నాయి. అవి తెచ్చి పెట్టగానే చాలా సెట్టింగ్స్ పేర్లతో సహా మళ్లీ కనిపించాయి. అవి కొంచెం పాతవి కాబట్టి కొన్ని మాత్రం అలాగే ఉండిపోయాయి. సోమవారం కొత్త వెర్షన్ డౌన్‌లోడ్ చేసి పెట్టాక అవీ సర్దుకున్నాయి. యూజర్లలో ఒక్కరికి కూడా ఏమీ తెలియలేదు.

రెండు పనులు ఒకే రాత్రి పెట్టుకోకండి

చాలామందికి ఉండే అపోహ ఏంటంటే, డొమైన్ కంట్రోలర్ కొత్త వెర్షన్ అయితేనే కొత్త టెంప్లేట్లు పెట్టాలి అని. అవసరం లేదు. సిస్‌వాల్‌కి ఇవి మామూలు ఫైళ్లే. సర్వర్ 2012 ఆర్2 మీద నడిచే డొమైన్‌లో కూడా విండోస్ 11 టెంప్లేట్లు పెట్టుకోవచ్చు. కాబట్టి టెంప్లేట్ల పని ఒక వారం, సర్వర్ పని ఇంకో వారం పెట్టుకోండి. రెండూ కలిపితే, ఏదైనా తేడా వచ్చినప్పుడు కారణం ఏదో తెలుసుకోవడానికే రాత్రంతా పోతుంది.

ఇప్పుడు స్టెప్స్ చూద్దాం

స్టెప్ 1: లిస్ట్ రాసుకోండి. ప్రతి డొమైన్‌కి ఒక వరుస. సెంట్రల్ స్టోర్ ఉందా లేదా, విండోస్‌వి కాకుండా ఇంకా ఏ టెంప్లేట్లు ఉన్నాయి, జీపీవోలు ఎన్ని, వాటిని ఎవరు ఎడిట్ చేస్తారు, పీడీసీ ఎమ్యులేటర్ రోల్ ఏ సర్వర్ మీద ఉంది. చివరిది ముఖ్యం. గ్రూప్ పాలసీ కన్సోల్ డిఫాల్ట్‌గా పీడీసీ ఎమ్యులేటర్‌కే కనెక్ట్ అవుతుంది.

స్టెప్ 2: సిస్‌వాల్ రెప్లికేషన్ చెక్ చేయండి. బాగా పాత డొమైన్లలో సిస్‌వాల్ ఇంకా ఎఫ్‌ఆర్‌ఎస్ అనే పాత పద్ధతిలోనే నడుస్తూ ఉండొచ్చు. సర్వర్ 2019, ఆ తర్వాత వెర్షన్లను అలాంటి డొమైన్‌లో డొమైన్ కంట్రోలర్‌గా చేర్చలేరు. ముందు డీఎఫ్‌ఎస్‌ఆర్‌కి మారాలి. దీనికి డీఎఫ్‌ఎస్‌ఆర్‌మిగ్ అనే టూల్ ఉంది. స్టార్ట్, ప్రిపేర్డ్, రీడైరెక్టెడ్, ఎలిమినేటెడ్ అని నాలుగు దశలు. మొదటి మూడింటి వరకు వెనక్కి రావచ్చు, ఎలిమినేటెడ్ అయ్యాక రాలేరు. కాబట్టి ఒక్కో దశ అన్ని డొమైన్ కంట్రోలర్లకు చేరిందని కన్ఫర్మ్ చేసుకున్నాకే తర్వాతిదానికి వెళ్లండి. ఇప్పటికే డీఎఫ్‌ఎస్‌ఆర్ ఉన్నా ఈవెంట్ వ్యూయర్‌లో డీఎఫ్‌ఎస్ రెప్లికేషన్ లాగ్ ఒకసారి చూడండి. 4012 ఈవెంట్ కనిపిస్తే ఆ సర్వర్ చాలా రోజులుగా సింక్ అవ్వడం లేదని అర్థం. అది సరిచేయకుండా ముందుకెళ్లొద్దు.

స్టెప్ 3: బ్యాకప్. ఇది మూడు ముక్కలు. మొదటిది, ప్రతి డొమైన్‌లో అన్ని జీపీవోల బ్యాకప్. కన్సోల్ నుంచి తీయొచ్చు, పవర్‌షెల్‌లో బ్యాకప్-జీపీవో కమాండ్‌తోనూ తీయొచ్చు. రెండోది, పాలసీడెఫినిషన్స్ ఫోల్డర్ కాపీ. జీపీవో బ్యాకప్‌లో సెంట్రల్ స్టోర్ రాదు, ఇది విడిగా తీయాల్సిందే. మూడోది, అన్ని జీపీవోల హెచ్‌టీఎంఎల్ రిపోర్ట్. గెట్-జీపీవోరిపోర్ట్ కమాండ్‌తో వస్తుంది. తర్వాత పోల్చి చూసుకోవడానికి ఇదే ఆధారం. ఇంకో మాట, జీపీవో ఏ ఓయూకి లింక్ అయి ఉందో, డబ్ల్యూఎంఐ ఫిల్టర్‌లో ఏం రాసుందో కూడా నోట్ చేసుకోండి. జీపీవోని బ్యాకప్ నుంచి తెచ్చినంత మాత్రాన పోయిన లింకులు, ఫిల్టర్లు వాటంతట అవి తిరిగి రావు.

స్టెప్ 4: ఒక మాస్టర్ ఫోల్డర్ తయారు చేయండి. మీ అడ్మిన్ కంప్యూటర్‌లో ఖాళీ ఫోల్డర్ తీసుకోండి. మైక్రోసాఫ్ట్ సైట్‌లో విండోస్ వెర్షన్ల వారీగా టెంప్లేట్ల ప్యాకేజీ దొరుకుతుంది, మీ దగ్గరున్న కొత్త విండోస్ వెర్షన్‌ది తీసుకోండి. దాని మీద ఆఫీస్, ఎడ్జ్, క్రోమ్, ఇంకా మీరు వాడే మిగతా సాఫ్ట్‌వేర్ల కొత్త టెంప్లేట్లు వేయండి. ఇప్పుడు పాత స్టోర్‌లో ఉండి కొత్తదాంట్లో లేని ఫైళ్ల లిస్ట్ తీయండి. ఈ ఒక్క లిస్ట్ చూసుంటే నాకు ఆ రాత్రి తప్పేది. ప్రతి ఫైల్‌కీ "ఇది ఎవరిది, ఇంకా వాడుతున్నామా" అని అడిగి, కావాల్సినవి చేర్చండి. భాషా ఫోల్డర్లలో మీ అడ్మిన్లు వాడేవి ఉంచితే చాలు.

స్టెప్ 5: పక్కన పెట్టి, పేరు మార్చండి. స్టోర్ మీద నేరుగా పేస్ట్ చేయొద్దు. సిస్‌వాల్‌లో పాలసీస్ ఫోల్డర్ కిందే పాలసీడెఫినిషన్స్-కొత్త లాంటి వేరే పేరుతో కాపీ చేయండి. అన్ని డొమైన్ కంట్రోలర్లకు చేరేదాకా ఆగండి. ఆ తర్వాత పాతదానికి తేదీ తగిలించి పేరు మార్చండి, కొత్తదానికి అసలు పేరు పెట్టండి. తేడా వస్తే మళ్లీ పేర్లు మార్చేస్తే చాలు, నిమిషంలో పాత స్థితికి వచ్చేస్తారు. ఎడిటర్ ఓపెన్‌లో ఉంటే మూసేసి మళ్లీ తెరవండి.

మొదట చిన్న డొమైన్‌లో చేయండి. రెండు మూడు రోజులు గమనించి, అదే మాస్టర్ ఫోల్డర్‌ని మిగతా డొమైన్లకు కాపీ చేయండి. ఏ డొమైన్‌లో చేస్తుంటే ఆ డొమైన్ సిస్‌వాల్‌లో రాసే హక్కు మీ అకౌంట్‌కి ఉండాలి.

స్టెప్ 6: ఆ తర్వాత సర్వర్ల పని. స్కీమా అప్‌డేట్ ఫారెస్ట్‌కి ఒకసారి, డొమైన్ ప్రిపరేషన్ ప్రతి డొమైన్‌కి ఒకసారి. సర్వర్ 2012 నుంచి ప్రమోషన్ విజార్డే తగిన హక్కులున్న అకౌంట్ ఇస్తే ఇవి చేసేస్తుంది. పాత సర్వర్ మీదే అప్‌గ్రేడ్ చేయడం కన్నా కొత్త సర్వర్‌ని చేర్చి, రోల్స్ మార్చి, పాతదాన్ని డిమోట్ చేయడమే సేఫ్. మైక్రోసాఫ్ట్ సలహా కూడా ఇదే. నేరుగా సర్వర్ 2025కి వెళ్లాలనుకుంటే ఫారెస్ట్, డొమైన్ ఫంక్షనల్ లెవెల్ కనీసం 2016 ఉండాలి. మా లాగా అన్నీ 2012 ఆర్2 సర్వర్లే ఉంటే ఆ లెవెల్ పెంచలేరు, మధ్యలో 2016, 2019 లేదా 2022 మెట్టు ఎక్కాల్సిందే.

కొత్త సర్వర్ ప్రమోట్ అయ్యాక సిస్‌వాల్, నెట్‌లాగాన్ షేర్లు రెండూ వచ్చాయా, పాలసీస్ ఫోల్డర్‌లో ఫైళ్లు నిండాయా అని చూశాకే పీడీసీ ఎమ్యులేటర్ రోల్ దానికి మార్చండి. సింక్ పూర్తికాకుండా మారిస్తే కన్సోల్ ఆ సర్వర్‌కి వెళ్లి, అక్కడ సెంట్రల్ స్టోర్ లేదనుకుని లోకల్ టెంప్లేట్లు చూపిస్తుంది. మీరేమో టెంప్లేట్లు పోయాయనుకుంటారు.

స్టెప్ 7: పోల్చి చూడండి. హెచ్‌టీఎంఎల్ రిపోర్ట్ మళ్లీ తీసి స్టెప్ 3 రిపోర్ట్ పక్కన పెట్టండి. సెట్టింగ్స్ విలువలు మారకూడదు. ఒక్కో డొమైన్‌లో ఒక్క క్లయింట్ మీద జీపీరిజల్ట్ రిపోర్ట్ కూడా తీసి చూడండి.

ఈ ఎర్రర్లు వస్తే భయపడకండి

ఎక్స్‌ట్రా రిజిస్ట్రీ సెట్టింగ్స్ కనిపిస్తే: సెట్టింగ్ పనిచేస్తూనే ఉంది, దాని టెంప్లేట్ మాత్రం లేదు. రిజిస్ట్రీ పేరులో ఆఫీస్, క్రోమ్ లాంటి పదం ఉంటుంది, దాన్ని బట్టి సరైన ఏడీఎంఎక్స్ తెచ్చి పెట్టండి. ఆ సాఫ్ట్‌వేరే ఇప్పుడు లేదు, సెట్టింగ్ తీసేయాలి అనుకుంటే పవర్‌షెల్‌లో రిమూవ్-జీపీరిజిస్ట్రీవాల్యూ కమాండ్ వాడొచ్చు. జీపీవో మొత్తం డిలీట్ చేయక్కర్లేదు.

"నేమ్‌స్పేస్ ఇప్పటికే ఉంది" అని వస్తే: రెండు ఏడీఎంఎక్స్ ఫైళ్లు ఒకే నేమ్‌స్పేస్ వాడుతున్నాయి. విండోస్ 10 కొత్తలో లొకేషన్ ప్రొవైడర్ టెంప్లేట్ ఫైల్ పేరు మారడం వల్ల చాలామందికి ఇది వచ్చింది. పాత స్టోర్ మీదే కొత్త ఫైళ్లు పేస్ట్ చేయడంతో పాత పేరుతో ఒకటి, కొత్త పేరుతో ఒకటి రెండూ మిగిలిపోయాయి. ఖాళీ ఫోల్డర్‌లో మాస్టర్ తయారు చేయమన్నది ఇందుకే.

"రిసోర్స్ దొరకలేదు" అని వస్తే: ఏడీఎంఎక్స్ ఒక వెర్షన్, ఏడీఎంఎల్ ఇంకో వెర్షన్. రెండింటినీ ఒకే ప్యాకేజీ నుంచి మళ్లీ కాపీ చేయండి.

సెంట్రల్ స్టోర్ వాడుతుందో లేదో డౌట్ వస్తే: ఎడిటర్‌లో అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్ హెడ్డింగ్ పక్కనే ఫైళ్లు సెంట్రల్ స్టోర్ నుంచి వచ్చాయా, లోకల్ కంప్యూటర్ నుంచి వచ్చాయా అని రాసి ఉంటుంది. అందరూ స్క్రోల్ చేసేసే లైన్ అది. నేను ఇప్పుడు మొదట చూసేది అదే.

జీపీవోనే ఇంకో డొమైన్‌కి పంపాలంటే?

టెంప్లేట్ కాపీ చేసినంత మాత్రాన సెట్టింగ్స్ వెళ్లవు, అది మెనూ కార్డ్ మాత్రమే. జీపీవోని బ్యాకప్ తీసి, అవతలి డొమైన్‌లో ఖాళీ జీపీవో క్రియేట్ చేసి ఇంపోర్ట్ చేయాలి. లోపల గ్రూపుల పేర్లు, షేర్ పాత్‌లు పాత డొమైన్‌వి ఉంటే మైగ్రేషన్ టేబుల్ వాడి కొత్త డొమైన్ పేర్లకు మార్చాలి. ఒక డొమైన్ జీపీవోని ఇంకో డొమైన్ ఓయూకి నేరుగా లింక్ చేయడం కుదురుతుంది గానీ, క్లయింట్లు ప్రతిసారీ అవతలి డొమైన్ కంట్రోలర్ దాకా వెళ్లాల్సి వస్తుంది. లింక్ స్లో అయితే లాగిన్ కూడా స్లో అవుతుంది.

చివరిగా

ఆ రాత్రి తర్వాత మా సీనియర్ నన్ను తిట్టలేదు. సోమవారం పొద్దున ఒక్కటే పని చెప్పారు: మూడు డొమైన్ల స్టోర్లలో ఏ ఫైల్ ఏ సాఫ్ట్‌వేర్‌దో ఒక ఎక్సెల్ షీట్‌లో రాయమన్నారు. రెండు రోజులు పట్టింది. తర్వాత ఫ్యాక్టరీ, చిన్న ఆఫీస్ డొమైన్లు మార్చినప్పుడు ఆ షీట్ ముందు పెట్టుకునే కూర్చున్నాం, రెండు సార్లూ రాత్రి పదకొండుకల్లా ఇంటికి వెళ్లిపోయాం.

మీరు కూడా ఈ ఒక్కటి చేయండి. అప్‌గ్రేడ్ ఎప్పుడైనా సరే, రేపు ఆఫీస్‌కి వెళ్లగానే పాలసీడెఫినిషన్స్ ఫోల్డర్‌ని ఒకసారి వేరే చోటికి కాపీ చేసి పెట్టుకోండి. రెండు నిమిషాల పని. నేను ఆ రెండు నిమిషాలు మిగుల్చుకుందామనే ఒక రాత్రి పోగొట్టుకున్నాను.